మా ఊరి రాబందులు: ఒక చిన్న చరిత్ర

ఈ ఏడాది మా చరిత్ర సారు పదో తరగతి పిల్లలందరికీ ఒక పని ఇచ్చారు. "రాజుల గురించి పుస్తకంలో ఉంది. మీరు మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదాని గురించి రాయండి. అది ఎందుకు పోయిందో కూడా రాయండి. కానీ మీరు రాసే ప్రతి మాటకూ 'నీకెట్ల తెలుసు?' అని అడుగుతాను" అన్నారు. నా స్నేహితుల్లో ఒకరు ఎడ్లబండి గురించి తీసుకున్నారు, ఒకరు విసుర్రాయి గురించి, ఇంకొకరు ఊరి చేదబావి గురించి. నేను రాబందు గురించి రాస్తానన్నాను. క్లాసులో అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. "రాయి, చూద్దాం" అన్నారు.

నవ్వడంలో వాళ్ళ తప్పు లేదు. మన తెలుగులో రాబందు అనేది ఒక తిట్టు. వడ్డీల మీద వడ్డీలు కట్టించుకునేవాణ్ణి రాబందు అంటాం. ఇంటి కప్పు మీద వాలితే అరిష్టం అంటాం. కానీ అదే మనం జటాయువు కథ వింటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. సీతమ్మ కోసం రావణుడితో కొట్లాడి రెక్కలు పోగొట్టుకున్న పక్షి అది. లేపాక్షి అనే ఊరికి ఆ పేరు "లే, పక్షీ" అని రాముడు అన్న మాట నుంచే వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. తిట్టేది, దండం పెట్టేది ఒకే పక్షికి. ఆ పక్షిని నేను ఇంతవరకు మా ఊళ్ళో ఒక్కసారి కూడా చూడలేదు.

మా ఊరు కోఠారి. చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ తాలూకాలో, బల్లార్‌పూర్ నుంచి గోండ్‌పిప్రి పోయే దారిలో ఉంది. చుట్టూ అడవి. పడమటి వైపు వార్ధా నది, తూర్పు వైపు వైనగంగ. ఈ రెండూ దక్షిణాన కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత దాటితే తెలంగాణ. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బజారులో మరాఠీ మాట్లాడతాం. రాబందును మాత్రం మా ఇంట్లో కూడా మరాఠీ మాటతో గిధాడ్ అనే అంటారు.

పెద్దలు చెప్పింది

మొదట నేను మా తాతను అడిగాను. మా తాత చిన్నప్పుడు పశువులు కాసేవాడు. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"అప్పట్ల గొడ్డు సచ్చిందంటే ఊరోళ్ళ కంటే ముందు గిధాడ్లకే తెల్సేది బిడ్డా. పొద్దుగాల ఊరవతల పడేస్తే, యాభై అరవై వాలేటివి. పొద్దుగూకేటాళ్ళకు బొక్కలే మిగిలేటివి. వాసన గూడ రాకపోయేది. గిప్పుడు జూడు, వారం దినాలు కుళ్ళుతది, కుక్కలు పీకుతయి."

తరువాత మా వీధిలోని ఇంకో నలుగురు పెద్దలను అడిగాను. రాబందులు ఉండేవని అయిదుగురూ చెప్పారు. ఎందుకు పోయాయి అంటే మాత్రం అయిదుగురూ అయిదు రకాలుగా చెప్పారు. ఒకరు అడవి కొట్టేశారు అన్నారు. ఒకరు పత్తి చేలకు కొట్టే పురుగుల మందు అన్నారు. ఒకరు ఏదో రోగం వచ్చింది అన్నారు. ఒకరు తిండి దొరకక వేరే దేశం పోయాయి అన్నారు. మా తాత సెల్ టవర్లు వచ్చినంక పోయినయి అన్నాడు.

నేను నోట్‌బుక్‌లో అయిదు కారణాలూ రాసుకుని సారుకు చూపించాను. ఆయన "వీటిలో ఏది నిజం? నీకెట్ల తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి తాతను ఇంకో రకంగా అడిగాను. "తాతా, నువ్వు చివరిసారి గిధాడ్ల గుంపును ఎప్పుడు చూసినవ్?" అన్నాను. ఆయనకు సంవత్సరాలు గుర్తుండవు, పెళ్ళిళ్ళు గుర్తుంటాయి. మా అత్త పెళ్ళి 1997లో అయింది. ఆ ఏడాది మా బర్రె ఒకటి చచ్చిపోతే రెండో మూడో రాబందులు వచ్చాయట. ఆ తర్వాత అవి కూడా రాలేదట. మరి మా ఊరికి టవరు ఎప్పుడు వచ్చింది అంటే, "మీ అత్త పెద్ద కొడుకు బడికి పోవట్టినంక" అన్నాడు. అని, కాసేపు ఆగి, తనే నవ్వి "అయితే టవర్ గాదు గదా" అన్నాడు. టవరు రాకముందే రాబందులు పోయాయి. ముందు జరిగినదానికి వెనక వచ్చింది కారణం కాదు. ఇది నేను ఈ పనిలో నేర్చుకున్న మొదటి చరిత్ర పాఠం.

తిండి లేక పోయాయి అన్న మాట కూడా నిలబడలేదు. తిండి తక్కువై ఉంటే కళేబరాలు మిగిలేవి కావు. కానీ అందరూ చెప్పింది ఒకటే, రాబందులు పోయినంక గొడ్లు కుళ్ళిపోతున్నాయి అని. అంటే తిండి ఉంది, తినేవే లేవు.

లెక్కపెట్టినవాళ్ళు

మిగిలిన మూడు కారణాలను నేను ఊళ్ళో తేల్చలేను. అందుకు మా సైన్సు టీచరు ఇచ్చిన పుస్తకాలు, వ్యాసాలు చదివాను. అప్పుడు తెలిసింది, ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదని. మన దేశం, పాకిస్తాన్, నేపాల్ అంతటా ఒకే కాలంలో రాబందులు పోయాయి.

దీన్ని మొదట గట్టిగా గమనించిన వాళ్ళలో విభు ప్రకాశ్ ఒకరు. ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్ళు 353 ఉండేవి. 1996-97 నాటికి 150 అయ్యాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే దాదాపు ఏమీ మిగల్లేదు. చెట్ల మీద తలలు వేలాడేసి కూర్చున్న పక్షులు, చెట్ల కింద చచ్చిపడిన పక్షులు ఆయనకు కనబడ్డాయి.

ఒక్క చోట తగ్గితే దేశమంతా తగ్గినట్టు కాదు. అందుకని ఆ సొసైటీ వాళ్ళు ఒక పని చేశారు. 1990ల మొదట్లో జీపుల్లో తిరిగి ఏయే రోడ్ల మీద రాబందులను లెక్కపెట్టారో, 2000లో మళ్ళీ అవే రోడ్ల మీద అదే విధంగా లెక్కపెట్టారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళకొకసారి లెక్కపెట్టారు. 1992 నుంచి 2007 వరకు చూస్తే తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. అంటే ప్రతి వెయ్యిలో ఒక్కటి మిగిలింది. పొడుగు ముక్కు రాబందులు, సన్న ముక్కు రాబందులు రెండూ కలిపి చూస్తే దాదాపు 97 శాతం పోయాయి.

అవే రోడ్ల మీద మళ్ళీ లెక్కపెట్టడం అనేది నాకు చాలా నచ్చింది. వేరే రోడ్డు మీద పోతే అక్కడ ముందు నుంచే లేవేమో అని ఎవరైనా అనవచ్చు. అదే రోడ్డు అయితే ఆ మాట అనలేరు.

25, 13

రాబందులు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడతాయి. పిల్ల పెరిగి తను గుడ్డు పెట్టడానికి అయిదేళ్ళు పడుతుంది. అందుకని పెద్ద పక్షులు చావడం మొదలైతే ఆ జాతి తొందరగా కోలుకోలేదు. కారణం వెంటనే తెలియాలి. కానీ వెంటనే తెలియలేదు.

మొదట చాలామంది ఏదో అంటురోగం అనుకున్నారు. మన శాస్త్రవేత్తలు కూడా వైరస్ కోసం వెతికారు. కొందరు పురుగుల మందు అనుకున్నారు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, ఆయనతోటి వాళ్ళు చచ్చిన రాబందులను కోసి చూశారు. చాలా వాటి గుండె మీద, కాలేయం మీద తెల్లటి సుద్దపొడి లాంటిది పేరుకుని ఉంది. మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం బయటికి పోక అట్లా పేరుకుపోతుంది. రోగక్రిముల కోసం చూశారు, దొరకలేదు. పురుగుల మందుల కోసం చూశారు, కారణం అనదగినంత దొరకలేదు. అప్పుడు వాళ్ళకు ఒక ప్రశ్న వచ్చింది: రాబందులు తినేది పశువులనే కదా, పశువులకు మనం ఏం ఇస్తున్నాం?

పశువుల మందులు అమ్మేవాళ్ళను అడిగితే, కొత్తగా వచ్చి బాగా అమ్ముడుపోతున్నది, మూత్రపిండాలను పాడుచేయగలిగేది ఒక మందు కనబడింది. దాని పేరు డైక్లోఫినాక్. అది నొప్పికి, వాపుకు ఇచ్చే మందు. మనుషులు కూడా వాడతారు. మన దేశంలో పశువులకు 1990లలో ఇవ్వడం మొదలైంది. చవక, తొందరగా పని చేస్తుంది.

తరువాత వాళ్ళు చేసిన లెక్క ఇది. అట్లా తెల్లపొడి పేరుకుని చచ్చిన 25 రాబందుల మూత్రపిండాలను పరీక్షిస్తే 25లోనూ డైక్లోఫినాక్ ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 రాబందులను పరీక్షిస్తే ఒక్కదానిలో కూడా లేదు. ఆ మందు ఇచ్చిన పశువుల మాంసం పెట్టి చూస్తే రాబందులు అదే విధంగా చనిపోయాయి. 2004లో ఇది ప్రపంచానికి తెలిసింది.

నేను ఈ రెండు అంకెలను నోట్‌బుక్‌లో పెద్దగా రాసుకున్నాను. 25కు 25 చాలదా అని నేను మొదట అనుకున్నాను. మా టీచరు చెప్పారు, 13 కూడా కావాలి అని. ఒకవేళ ఆ 13లో కూడా మందు ఉండి ఉంటే, మందు అన్ని రాబందుల్లోనూ ఉంటుంది, అది చావుకు కారణం కాదు అని అర్థం. అందుకని ఉన్నవాటిని చూడటమే కాదు, లేనివాటిని కూడా చూడాలి.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఊళ్ళో ఎన్ని పశువులకు ఆ మందు ఇస్తారు? కొన్నిటికే కదా. కొన్నిటివల్ల దేశంలోని రాబందులన్నీ ఎట్లా పోతాయి? దీన్ని కూడా లెక్క కట్టారు. చావుకు సరిపోయేంత మందు ఉన్న కళేబరాలు వందలో ఒకటి కన్నా తక్కువ ఉన్నా చాలట, రాబందులన్నీ అంత వేగంగా తగ్గిపోవడానికి. ఎందుకంటే ఒక్క గొడ్డు మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి. తాత చెప్పిన యాభై అరవై గుర్తొచ్చింది. గుంపుగా తినడమే వాటి బలం, అదే వాటి చావుకు దారి అయింది.

నిషేధం, ఆ తర్వాత

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎద్దుకు కాలు వాస్తే రైతు మందు ఇవ్వకుండా ఉండలేడు. ఒక మందు వద్దు అంటే ఇంకోటి చూపించాలి. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని పరీక్షలు చేసి 2006 మొదట్లో చెప్పారు. అదీ నొప్పికి, వాపుకు పని చేస్తుంది. అదే ఏడాది భారత ప్రభుత్వం పశువుల డైక్లోఫినాక్‌ను ఆపింది. నేపాల్, పాకిస్తాన్ కూడా ఆపాయి.

నిషేధం పెడితే పని అయిపోయినట్టేనా? దీనికి కూడా "నీకెట్ల తెలుసు?" అనే అడగాలి. శాస్త్రవేత్తలు చాలా రాష్ట్రాల్లో చచ్చిన పశువుల కాలేయం ముక్కలు తీసి పరీక్షించారు. నిషేధానికి ముందు వందలో పది, పదకొండు పశువుల్లో డైక్లోఫినాక్ ఉండేది. 2007-08లో వందలో ఆరున్నర దాకా తగ్గింది. తగ్గింది, కానీ పోలేదు. ఎందుకంటే మనుషుల కోసం అమ్మే డైక్లోఫినాక్‌ను పశువులకు పొడిచేవాళ్ళు. మందుల దుకాణాల్లోకి వెళ్ళి "మా ఆవుకు నొప్పి మందు కావాలి" అని అడిగి, ఏం ఇస్తున్నారో కూడా చూశారట.

అందుకని 2015లో ఇంకో నియమం వచ్చింది. మనుషుల డైక్లోఫినాక్ సూది మందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోనే అమ్మాలి అని. మనిషికి ఒక్క సీసా చాలు. ఎద్దుకు చాలా సీసాలు కావాలి. ఆ బాధ పడలేక మానేస్తారని. 2023లో కెటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అనే ఇంకో రెండు మందులను కూడా పశువులకు ఇవ్వకుండా నిషేధించారు. ఎసిక్లోఫినాక్ పశువు ఒంట్లోకి పోయినంక డైక్లోఫినాక్‌గానే మారుతుంది.

2011లో మళ్ళీ అవే రోడ్ల మీద లెక్కపెడితే, రాబందులు పడిపోవడం చాలావరకు నెమ్మదించిందని తెలిసింది. నేపాల్‌లో ఇంకా మంచి ఫలితం వచ్చింది. అక్కడ పశువుల కోసం డైక్లోఫినాక్ అమ్మడం దాదాపు పూర్తిగా ఆగిపోయింది. 2013 తర్వాత తెల్లవీపు రాబందులు నిజంగా పెరగడం మొదలుపెట్టాయి. మందు ఎక్కడ పోయిందో అక్కడ పక్షి వచ్చింది.

మా ఎద్దు

ఇంతవరకు నేను చదివింది రాశాను. ఇప్పుడు మా ఇంట్లో జరిగింది రాస్తాను. ఎవరి మీదా నేరం మోపడానికి కాదు.

పోయిన వానాకాలం మా ఎద్దుకు ముందరి కాలు వాచింది. నాట్లకు ముందు రోజులు. మా బాపు చాలా గాబరా పడ్డాడు. రాత్రి ఒకాయన వచ్చి సూదులు వేసి పోయాడు. పొద్దున నేను పశువుల కొట్టం ఊడుస్తుంటే చిన్న చిన్న ఖాళీ సీసాలు దొరికాయి. అయిదు ఉన్నాయి. ఇంత పెద్ద ఎద్దుకు ఇంత చిన్న సీసాలు ఏమిటి అనుకుని తిప్పి చదివాను. 3 మి.లీ. అని ఉంది. పైన పేరు డైక్లోఫినాక్.

అప్పటికి నేను ఈ వ్యాసం కోసం చదవడం మొదలుపెట్టాను. ఆ సీసా అంత చిన్నగా ఎందుకు ఉందో నాకు తెలుసు. దాని చరిత్ర నా నోట్‌బుక్‌లో ఉంది. ఆ చరిత్ర మా కొట్టంలో, చీపురు కింద ఉంది.

నేను బాపుకు చెప్పాను. బాపుకు కోపం వచ్చింది. "నీకు ఎద్దు గావాల్నా, గిధాడ్ గావాల్నా? ఎద్దు కూలవడితే నాగలి నువ్వు పడ్తవా?" అన్నాడు. నేను ఏడ్చాను. బాపు అడిగింది తప్పు కాదు. మాకు రెండే ఎడ్లు. ఒకటి పోతే ఇంకోటి కొనడానికి అప్పు చేయాలి. కొట్టం బయట మంచం మీద కూర్చున్న తాత కూడా "మన ఊళ్ళె గిధాడే లేదాయె. ఎవరికి నష్టం బిడ్డా?" అన్నాడు.

నేను బాపుతో అన్నాను, "రెండూ గావాలె బాపు. ఎద్దుకు నొప్పి తగ్గే ఇంకో మందు ఉన్నది." తాతకు కూడా ఒక మాట చెప్పాను. రాబందు ఒక్కరోజులో పదుల కిలోమీటర్లు ఎగురుతుంది. ప్రాణహిత అవతల బెజ్జూర్ అడవిలో, పాలరాపు గుట్ట మీద, 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు బయటపడ్డాయి. మన ఊరు నుంచి మనకు అది దూరం, రాబందుకు కాదు. మన ఊళ్ళో లేవు అని మనం అంటున్నాం, కానీ మన ఊరి మీదుగా పోవు అని ఎట్లా అంటాం?

ఆ రోజే బాపు సర్కారు పశువుల దవాఖానకు పోయి డాక్టర్ సారును తీసుకొచ్చాడు. ఆయన మెలాక్సికామ్ వేశారు. కాలులో ముల్లు విరిగి చీము పట్టిందని చూసి శుభ్రం చేసి కట్టు కట్టారు. వారం రోజుల్లో ఎద్దు మామూలుగా నడిచింది.

ఇక్కడ నేను నిజం రాయాలి. మెలాక్సికామ్ వల్లనే తగ్గింది అని నేను చెప్పలేను. ముందు రాత్రి వేసిన మందు కూడా కొంత పని చేసి ఉండొచ్చు. ముల్లు తీయడం వల్ల తగ్గి ఉండొచ్చు. ఒక్క ఎద్దును చూసి ఏ మందు గొప్పదో తేల్చలేం. మెలాక్సికామ్ పని చేస్తుంది అని నేను నమ్మేది మా ఎద్దును చూసి కాదు, ఎన్నో పశువుల మీద, పక్షుల మీద చూసి చెప్పారు కాబట్టి.

ఆ వారం ఇంకో సంగతి జరిగింది. డైక్లోఫినాక్ పశువు ఒంట్లో కొన్ని రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో ఎద్దుకు ఏమైనా అయితే బయట పడేయవద్దని, లోతుగా పాతిపెట్టాలని నేను తాతను అడిగాను. తాత బాపు ముందర "అట్లనే చేద్దాం" అని మాట ఇచ్చాడు. ఎద్దుకు ఏమీ కాలేదు. కానీ ఆ మాట నాకు పెద్ద బహుమతి.

ఏ పని ఎంత పనికొచ్చింది?

రాబందుల కోసం మన చుట్టుపక్కల చాలా పనులు జరుగుతున్నాయి. ప్రతి పనికీ ఎంత బలం ఉందో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

ఒకటి, తిండి పెట్టడం. పక్కనున్న గడ్‌చిరోలి జిల్లాలో అటవీ శాఖ వాళ్ళు రాబందుల కోసం భోజనశాలలు పెట్టారు. మందు లేని కళేబరాలను ఒక చోట పెడతారు. పాలరాపు గుట్ట దగ్గర తెలంగాణ అటవీ శాఖ కూడా కాపలాతో పాటు ఇట్లా చేసింది. వినడానికి చాలా మంచి పని. పాకిస్తాన్‌లో ఒక రాబందుల గుంపుకు ఇట్లా తిండి పెట్టి, పెట్టిన రోజుల్లో ఎన్ని చచ్చాయి, పెట్టని రోజుల్లో ఎన్ని చచ్చాయి అని లెక్క రాశారు. పెట్టిన రోజుల్లో చావులు తగ్గాయి, కానీ ఆగలేదు. ఎందుకంటే భోజనశాల ఉన్నా రాబందులు దూరం పోయి వేరే గొడ్లను కూడా తిన్నాయి. కాబట్టి ఇది సాయం చేస్తుంది, ఒంటరిగా కాపాడలేదు.

రెండు, పెంచి వదలడం. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచే కేంద్రం ఉంది. గూట్లోంచి మొదటి గుడ్డు తీసి యంత్రంలో పొదిగిస్తే, తల్లి ఇంకో గుడ్డు పెడుతుంది. అట్లా ఏడాదికి ఒక్కటి అన్న లెక్కను కొంచెం పెంచారు. 2024 జనవరిలో అక్కడి నుంచి 10 తెల్లవీపు రాబందులను మన జిల్లాలోని తాడోబాకు, బోటేఝరి దగ్గరికి తెచ్చారు. కొన్ని నెలలు పెద్ద పంజరంలో ఉంచి, జీపీఎస్ పరికరాలు కట్టి, ఆ ఏడాదే వదిలారు. వాటిలో ఒకటి రాష్ట్రాలు దాటి తమిళనాడు దాకా ఎగిరి, అక్కడ కరెంటు తగిలి చచ్చిపోయింది. మొదటి నెలల్లోనే ఇంకొన్ని కూడా చనిపోయాయి. అది చదివి నాకు బాధ వేసింది. కానీ పరికరం కట్టారు కాబట్టే ఎక్కడ చచ్చిందో, ఎందుకు చచ్చిందో తెలిసింది. కట్టకుండా వదిలేసి ఉంటే 10 వదిలాం అని సంతోషంగా రాసుకునేవాళ్ళం.

మూడు, స్థలం కాపాడటం. ఇది చాలా అవసరం. పొడుగు ముక్కు రాబందుకు గుట్ట కావాలి, తెల్లవీపు రాబందుకు ఎత్తైన చెట్టు కావాలి. కానీ భరత్‌పూర్ పేరున్న పార్కు, కాపలా ఉంది. అయినా రాబందులు పోయాయి. స్థలానికి కంచె వేయగలం, కళేబరంలోని మందుకు వేయలేం. ఇంకో పక్షి విషయంలో కూడా ఇట్లాగే జరిగింది. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి, చుట్టూ పొలాల్లో కాలువ నీళ్ళు వచ్చి పంటలు మారాయి. జింకలు పంట తింటున్నాయని రైతులకు కోపం వచ్చింది. ఏ పిట్ట పేరు మీద పెట్టారో ఆ పిట్టే అక్కడ కనబడకుండా పోయింది. లోపల మాత్రమే కాదు, చుట్టుపక్కల ఏం జరుగుతుందో కూడా చూడాలి అని దీని అర్థం.

నాలుగు, మందు మార్చడం. ఇది చూడటానికి పెద్ద పనిలాగా కనబడదు. ఫొటో తీసుకోవడానికి పక్షి ఉండదు, రిబ్బను కత్తిరించడం ఉండదు. ఒక సీసా బదులు ఇంకో సీసా, అంతే. కానీ నేను చదివినదాంట్లో అన్నిటికన్నా గట్టి రుజువు దీనికే ఉంది. ఇది చేస్తే మిగతా మూడూ పనికొస్తాయి. ఇది చేయకపోతే మనం పెంచిన పక్షినే మన గొడ్డుతో చంపుతాం.

రాబందు లేకపోతే మనకేం అంటారా? కళేబరాలు కుళ్ళితే నీళ్ళు పాడవుతాయి, కుక్కలు పెరుగుతాయి, కుక్కకాటు పెరుగుతుంది. ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు, రాబందులు ఎక్కువగా ఉండే జిల్లాలను, ముందు నుంచే తక్కువ ఉన్న జిల్లాలను పోల్చి లెక్క కట్టారు. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో దాదాపు 5 లక్షల మంది ఎక్కువగా చనిపోయారని వాళ్ళ అంచనా. తిట్టుగా వాడే పక్షి మనకు చేసిన చాకిరీ అంత పెద్దది.

ముగింపు

సారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మా ఊరి నుంచి రాబందులు ఎందుకు పోయాయి? మా ఊరి కళేబరాలను అప్పుడు ఎవరూ పరీక్షించలేదు. కానీ అవి పోయిన కాలం, దేశమంతా పోయిన కాలం ఒకటే. మా ఊళ్ళో కూడా ఆ మందు ఉంది, నేను కొట్టంలో చూశాను. అందుకని కారణం అదే అని నేను నమ్ముతున్నాను. ఇంతకన్నా మంచి రుజువు ఎవరైనా చూపిస్తే మా తాతలాగా నేను కూడా మాట మార్చుకుంటాను.

ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ పశువుకు సూది వేసేటప్పుడు సీసా మీద పేరు చదవండి. మీకు చదవడం రాకపోతే మీ పిల్లలను పిలవండి, మేము చదువుతాం. డైక్లోఫినాక్, కెటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ వద్దు అనండి. మెలాక్సికామ్ అడగండి. ఇప్పటికే ఆ మందులు ఇచ్చిన పశువు చచ్చిపోతే బయట పడేయకుండా పాతిపెట్టండి.

మా తాత ఇప్పుడు పొద్దున పొలం పోయేటప్పుడు ఒకసారి తల ఎత్తి పైకి చూస్తాడు. నేను కూడా బడికి వచ్చేటప్పుడు చూస్తాను. గద్దలు కనబడతాయి, రాబందు ఇంకా కనబడలేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ ఖాళీగా ఉంచాను. కనబడిన రోజు తేదీ, సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందో రాస్తాను. "నీకెట్ల తెలుసు?" అని సారు మళ్ళీ అడుగుతారు కదా.